పెత్రమాస నాడు పోయిన సీసా

పెత్రమాస నాడు పొద్దున సీసా పోయింది. పదకొండు కొట్టేసరికి ప్రహ్లాద్ శాలిబండలో డిటెక్టివ్ వరమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. సహాయకురాలు రూప అడక్కుండానే మంచినీళ్లు తెచ్చిపెట్టింది.

"బసవయ్య సేటు బార్‌ల డ్రింకులు కలుపుత మేడం. మా ఉస్తాద్ జగదీశ్వర్ మూలికలు నానబెట్టి లిక్యూర్ చేసేటోడు. ఆకుపచ్చగ, తియ్యగ ఉంటది. ఆయన పోయి ఏడాది కావస్తుంది. ఒక్కటే సీసా మిగిలింది. దాంతోని రేపు కాక్‌టెయిల్ పోటీల దిగాలె. గదే పోయింది. నేనే అమ్ముకున్ననంటుండు సేటు. పొద్దుగూకేలోపల దొరకకుంటే నౌకరీ పాయె. దొంగ అన్న పేరు పడ్డంక ఇంకే బార్‌ల నిలవనిస్తరు?"

"ఏం కలుపుతున్నావు అందులో?" అని అడిగింది వరమ్మ.

ఆ ప్రశ్నతో అతను కుర్చీలో సర్దుకుని కూర్చోవడం రూప గమనించింది. మేడం కావాలనే అడిగిందని అనుకుంది.

"సులేమానీ చాయి, అంటే పాలు లేని చాయి, చల్లార్చి, నిమ్మరసం, ఉస్తాద్ లిక్యూర్. చెంచాలతోని కొలిచి మూడు నెలలు చూసిన. ఏదో తక్కువైతుంది. ఆయనుంటే ఒక్క గుటకల చెప్పేటోడు."

"పోటీ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"సేటుకొక్కనికే. గెలిచినంక మా వదినెకు, అంటే ఉస్తాద్ భార్యకు, చెప్దామనుకున్న."

ముగ్గురూ వెళ్లేసరికి బార్ ఇంకా తెరవలేదు. లోపలి అల్మారాకు తాళం చెక్కుచెదరలేదు. ఖరీదైన విదేశీ సీసాలు దుమ్ము పట్టి ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మధ్య దుమ్ములో ఒక గుండ్రటి గుర్తు. గుర్తు నడుమ ఏడెనిమిది బియ్యపు గింజలు, పసుపు కలిపినవి. రూప వాటిని కాగితంలో పొట్లం కట్టింది.

"తాళం చెవులెన్ని?"

"మూడు," అన్నాడు బసవయ్య. "ఒకటి నాది, ఒకటి వీనిది. మూడోది జగదీశ్వర్ జేబుల ఉండె. ఆయనతోనే పాయె."

"పొద్దున ఎవరొచ్చారు?"

"ఇగో, ఈ కాషిఫ్ ఒక్కడే."

కాషిఫ్ మూలికల దుకాణం ఇషాక్ కొడుకు. బసవయ్య అతన్ని పిలిపించి కూర్చోబెట్టాడు. అతను చివ్వున లేచాడు.

"నేను దొంగనా సేటు? ఆ లిక్యూర్‌ల మూలికలు వచ్చింది మా దుకాణంకెళ్లే. ఆ మూలికల పేర్లు పదకొండూ నోటికొచ్చు. సీసాతోని నాకేం పని? తాగుతనా ఏంది?"

వరమ్మ బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసి వాసన చూసింది. "ఇవి తాజావి. ఎవరు తెచ్చారు?"

"చంద్రమ్మ. మాదన్నపేట మార్కెట్ నుంచి రోజూ తెస్తది. జగదీశ్వర్ భార్య. మనామెనే గదా, ఆమెను గూడ లెక్కవెట్టాల్నా?"

వరమ్మ నిమ్మకాయను బుట్టలో పెట్టేసింది. "అందరూ చంద్రమ్మ ఇంటికి నడవండి. ఓ నాలుగు నిమ్మకాయలు, కాస్త మంచుగడ్డ కూడా పట్టుకో ప్రహ్లాద్."

మాదన్నపేటలో ఆ ఇంటి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, చంద్రమ్మను గడప దగ్గరికి పిలిచి, వరమ్మ నెమ్మదిగా చెప్పింది.

"దొంగ అయితే ఖరీదైన సీసాలు వదలడు. తాళం పగల్లేదంటే మూడో చెవి పనిచేసింది. పోయిన మనిషి జేబులోవి ఎవరి చేతికొస్తాయి? ఇంటావిడ చేతికి. తీసిన చోటు బోసిగా ఉండొద్దని పసుపు బియ్యం వేసింది. ఇవాళ పెత్రమాస. పోయిన పెద్దలకు ఇష్టమైనవి పెట్టి, వాళ్ల పేరున కల్లో మందో సాక పోసే రోజు."

చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొగనికి మందు పొయ్యాలె, సీసా ఇయ్యిండ్రని ఏ మొకం పెట్టుకొని అడుగుదు? బతికున్నన్ని దినాలు తాగొద్దని లొల్లి జేసిన. ఇయ్యాల నేనే పోసిన. మూతెడే పోసిన బిడ్డా. ఎవ్వరికీ అక్కెర లేదనుకున్న."

లోపల జగదీశ్వర్ ఫొటో ముందు విస్తరిలో మాంసం, గారెలు. పక్కన ఇత్తడి గిన్నెలో కొద్దిగా ఆకుపచ్చ లిక్యూర్. వెనక గోడకు ఆనించిన సీసా, పోటీకి సరిపోయేంత లిక్యూర్‌తో.

ప్రహ్లాద్ గడప మీదే కూర్చుని, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "రేపు పోటీకి ఇదొక్కటే ఉండె. చెప్తే నేనే తెచ్చి పోద్దును గద, వదినే."

"నువ్వన్న చెప్పినవా పోటీ ఉందని?"

"తప్పయింది రా," అన్నాడు బసవయ్య, ప్రహ్లాద్ వైపు చూడకుండా. తర్వాత కాషిఫ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడన్న మనామెను లెక్కవెట్టు సేటు," అన్నాడు కాషిఫ్. అప్పటికి అందరూ నవ్వగలిగారు.

చంద్రమ్మ చాయి కాచి చల్లార్చింది. ప్రహ్లాద్ స్టీలు గ్లాసులో కలిపాడు. బసవయ్య ఒక గుటక వేసి పెదవి విరిచాడు. చంద్రమ్మ గ్లాసు వాసన చూసింది.

"నిమ్మతొక్క కాల్చలేదా? ఆయన పొయ్యి మీద కాల్చి గ్లాసుల పిండుతుండె. ఇల్లంత పొగని నేను తిడుతుంటి."

ప్రహ్లాద్ తొక్క కాల్చి పిండాడు. బసవయ్య మళ్లీ తాగాడు. ఈసారి గ్లాసు కింద పెట్టలేదు.

సాయంత్రం రూప కేసు ఫైలు రాసింది. సీసా దొరికింది. దొంగ లేడు. మూలికల పేర్లు పదకొండూ కాషిఫ్ రాసిచ్చాడు. ఏది ఎంత వేయాలో జగదీశ్వర్ ఎవరికీ చెప్పలేదు. అది ఇంకా తేలలేదు.