అక్క ఏడవని ఏడుపు

పొద్దున తొమ్మిది దాటింది. పెద్దయ్య జీవాలను తోలుకుని ఊరి వెనక బీళ్ళ వైపు పోయాడు. ఆయన భార్య ఆదెమ్మ గొర్రెల దొడ్డి ఊడ్చి, ఎరువు దిబ్బ మీద పోసి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టింది. యర్రగొండపాలెం పోయే ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ వీధి దాటిపోయింది. ఏ రోజైనా ఆ ఇంట్లో పొద్దున ఇంతే. కాకపోతే ఆ రోజు ఒక మనిషి ఎక్కువ ఉంది. కూతురు పావని హైదరాబాదు నుంచి వచ్చి రెండు రోజులైంది.

"ఏందే, పొద్దున్నే తలుపేసుకుంటన్నావు?" అంది ఆదెమ్మ.

"పనుందమ్మా. ఒక అర్ధగంట నన్ను పిలవొద్దు."

"ఇంటికొచ్చినా పనేనా? టీ అన్నా తాగి చేసుకో."

"తర్వాత తాగుతాలే."

పావని పనంటే నటన. మార్కాపురంలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ నాటకంలో వేషం వేస్తే, తెలుగు చెప్పే హేమలత మేడమ్ చప్పట్లు కొట్టి, "నీ కళ్ళు మాట్లాడతాయమ్మా" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని పిల్ల హైదరాబాదు బస్సెక్కింది. ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆమె వేసిన వేషాలు లెక్కపెట్టాలంటే చేతివేళ్ళు చాలు. పెళ్ళి సీన్లలో అక్షింతలు వేసింది. ఆసుపత్రి సీన్లో నర్సుగా ట్రే పట్టుకుని నిలబడింది. ఒక సీరియల్లో మాత్రం నోరు తెరిచి, "మేడమ్, మీకోసం ఎవరో వచ్చారు" అని ఒకే ఒక్క మాట అంది. ఆ మాట కోసం ఊరంతా టీవీల ముందు కూర్చుంది.

వేషాలు ఇచ్చేవాళ్ళు తక్కువ గానీ సలహాలు ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. మంచి ఫోటోలు తీయించుకోమన్నారు, తీయించుకుంది. బరువు తగ్గమన్నారు, కడుపు మాడ్చుకుని తగ్గింది. తగ్గాక మొహంలో కళ పోయిందన్నారు. ఆ పల్లెటూరి యాస ముందు వదిలించుకో అన్నారు. 'ఏంది' అనబోయి 'ఏంటి' అనడానికి రెండేళ్ళు నాలుకతో కుస్తీ పట్టింది. ఇప్పుడొక సినిమా వాళ్ళకు సరిగ్గా ఆ యాసే కావాల్సి వచ్చింది.

కరువు సీమలో జరిగే కథ. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వేషం. నాలుగే సీన్లు, కానీ నాలుగూ గుండెలో నిలిచిపోయేవి. బిడ్డ శవం ముందు ఆ తల్లి శోకాలు పెట్టి ఏడవాలి. మాటలు ఎవరూ రాసివ్వరు, మీ ఊళ్ళో ఎట్లా ఏడుస్తారో అట్లా ఏడ్చి వీడియో పంపమన్నారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే తీసుకోరు. ఇది కూడా రాకపోతే ఇక చాలు, జూన్లో హేమలత మేడమ్ చెప్పిన స్కూల్లో టీచరుగా చేరిపోదామని పావని తనలో తాను ఒట్టు పెట్టుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

హైదరాబాదులో పావని పోయిన నటన శిక్షణ తరగతిలో వందన అనే ఆవిడ ఒకమాట చెప్పేది. "మీలో ఉన్న బాధను దాచుకోకండి. వాడుకోండి. యాక్టరుకు అదే పెట్టుబడి."

పావని దగ్గర ఆ పెట్టుబడి ఉంది. పోయిన మే నెలలో ఆమె తమ్ముడు కోటి పిడుగు పడి చనిపోయాడు. ఇరవై రెండేళ్ళు. జీవాలను మేపుతుంటే వాన ముంచుకొచ్చింది. మంద విడిచి రాలేక చెట్టు కిందికి చేరాడు. ఇంకా ఏడాది తిరగలేదు.

పావని బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, వీడియో నొక్కి, నేల మీద కూలబడింది. తలగడ మీద తువ్వాలు కప్పి బిడ్డనుకుంది. కళ్ళు మూసుకుంది. తర్వాత ఆమె గొంతు లోంచి వచ్చింది ఆమె గొంతు కాదు.

"కొడకా... నా కొడకా కోటయ్యా... వాన కోసం మొక్కుకుంటిమి గదరా కొడకా, పిడుగు కోసం మొక్కుకోలేదు గదరా కొడకా... మబ్బు జూసి మందను దోలుకు రాకపోతివా కొడకా..."

తలుపు దభాలున తెరుచుకుంది. ఆదెమ్మ చేతులు రెండూ చాచి పరుగెత్తుకొచ్చింది. రెండడుగులు వేసి, డబ్బా మీద వెలుగుతున్న ఫోను చూసి నిలబడిపోయింది. చాచిన చేతులు మెల్లగా కిందికి దిగాయి.

ఆమె నోరు విప్పేలోపే ఎదురింటి పోలేరమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చేసింది. "ఏమైంది వదినా? ఎవరికేమైంది?" ఆమె వెనక మరో నలుగురు ఆడవాళ్ళు. ఏమైందో తెలియకుండానే ఒకామె అప్పుడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. వీధిలో మగవాళ్ళు పోగయ్యారు. పల్లెలో శోకం వినబడితే ఎవరూ ఎందుకని అడగరు, ముందు పరుగెత్తుకొస్తారు.

"ఏం లేదత్తా, ఏం లేదు," అని పావని లేచి అందరికీ చేతులు జోడిస్తోంది. "సినిమా కోసం... ప్రాక్టీసు చేస్తున్నా."

"ప్రాక్టీసా?" పోలేరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "చావు లేని ఇంట్లో శోకాలు పెడతారంటనే? ఏడాది గూడా తిరగని ఇల్లు! ఇంకో చావును రమ్మని పిలుస్తన్నావా ఏంది?"

అప్పుడే జనాన్ని తోసుకుంటూ పెద్దయ్య వచ్చాడు. ఎవరో బీళ్ళలోకి కేకేసి చెప్పారట, మీ ఇంట్లో ఏడుపులు వినబడుతున్నాయని. జీవాలను ఎక్కడివక్కడ వదిలేసి వచ్చాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. గుమ్మం స్తంభం పట్టుకుని, "ఆదెమ్మ ఏదిరా? మా ఆదెమ్మ యాడుంది?" అన్నాడు. పక్కనే నిలబడి ఉన్న భార్య ఆయన కంటికి కనబడలేదు.

"ఈడే ఉన్నా," అంది ఆదెమ్మ.

ఆయన ఆమెను తేరిపార చూసి, అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

సంగతి తెలిసి జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పోతూ పోతూ తలా ఒక మాట అనే పోయారు. ఇల్లు ఖాళీ అయ్యాక పెద్దయ్య కూతురి వైపు చూశాడు. ఆయన ఎప్పుడూ ఆమె మీద గొంతు పెంచినవాడు కాదు.

"ఆరేండ్లు ఏమన్నా అన్నానా పాపా? ఊళ్ళో వాళ్ళు నోటికొచ్చింది అంటన్నా, నా బిడ్డకు ఇష్టమైన పని చేసుకుంటంది అన్నా. చేసుకో. దేని మీదైనా చేసుకో. చచ్చినోడి మీద చేసుకుంటావా?"

"నాయనా, ఇదొక్కటే మిగిలింది నాకు. ఇది రాకపోతే నేనింక..."

"రాకపోతే రాకపోయె! వాడి పేరెత్తి, మీ అమ్మ ఏడ్చిన మాటలు ఎత్తి, ఎవురో ముక్కూ మొహం తెలియనోళ్ళకు పంపుతావా? వాళ్ళు టీ తాగుతా చూస్తారా దాన్ని?"

పావనికి కూడా ఉక్రోషం వచ్చింది. "మీకు నా కష్టం తెలియదు నాయనా. ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డానో, ఎంతమంది మొహం మీదే నవ్వారో మీకు చెప్పలేదు. చెప్తే వచ్చెయ్ అంటారని చెప్పలేదు. నా దగ్గరున్నది వాడుకున్నా. తప్పా?"

"తప్పో ఒప్పో నాకు తెలీదు," అని పెద్దయ్య కండువా దులుపుకుని లేచాడు. "జీవాలు యాడ బోయినాయో," అంటూ బయటికి నడిచాడు.

ఆదెమ్మ ఒక్క మాటా అనలేదు. అదే పావనిని ఎక్కువ భయపెట్టింది. ఎసరు మరిగి పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె పట్టించుకోకుండా వెనక దొడ్డి దగ్గరికి పోయి, తల్లి పాలు చాలని గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టిస్తూ కూర్చుంది.

పావని గదిలో వీడియో చూసుకుంది. ఆరేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ చేయలేదు. గొంతు విరగాల్సిన చోట విరిగింది. తలుపు తెరుచుకునే ముందు వరకు కత్తిరించుకుంటే చాలు. టైము పదకొండు దాటింది. పంపే బొత్తాం మీదికి వేలు పోయింది గానీ, తండ్రి స్తంభం పట్టుకుని నిలబడ్డ తీరు కళ్ళ ముందుకొచ్చి ఆగిపోయింది. ఫోను అక్కడే పెట్టి దొడ్డిలోకి వెళ్ళింది.

"అమ్మా, భయపెట్టినా. తప్పే. కోపముంటే రెండు కొట్టు."

ఆదెమ్మ తలెత్తలేదు. "అపశకునమని పోలేరమ్మ అన్నది గదా, అందుకని నాకు కోపమనుకుంటన్నావా? మా ఇంటికి రావాల్సిన చావు వచ్చే పోయె. ఇంకేం భయం."

"మరెందుకు మాట్లాడవు?"

గొర్రెపిల్ల ఖాళీ సీసాను కూడా చప్పరిస్తోంది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు," అంది ఆదెమ్మ. "తమ్ముడు పోయినాక నువ్వెప్పుడైనా ఏడ్చినావా?"

కోటి పోయిన రోజు ఆమె ఒక పెళ్ళి సీన్లో ఉంది. ఫోన్లన్నీ బ్యాగుల్లో పెట్టించారు. హీరోయిన్ వెనక నిలబడి సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది. బ్యాగు తీసేసరికి పంతొమ్మిది మిస్డ్ కాల్స్. ఇంటికి చేరేసరికి తమ్ముణ్ణి మట్టి చేసేశారు. తల్లి ఆమెను వాటేసుకుని శోకాలు పెట్టింది. పావని మాత్రం తల్లి వీపు నిమురుతూ ఉండిపోయింది.

"ఏడవలేదమ్మా," అంది చివరికి. "అంతకంటే పాపం చేశా. ఆ రోజు నువ్వు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే... నీ గొంతు ఎక్కడ విరుగుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నావు, అది వింటూ ఉన్నా. గుర్తుపెట్టుకుందామని వింటూ ఉన్నా. నేను మనిషినేనా అమ్మా?"

ఈ మాటకు తల్లి ఛీ కొడుతుందనుకుంది. ఆదెమ్మ గొర్రెపిల్లను కిందికి దింపి, చేతులు చీరకు తుడుచుకుంది.

"అది నీ పనిలేమ్మా. కమ్మరోడు నిప్పును చూసినట్టు నువ్వు ఏడుపును చూస్తావు. దానికి నేనేం అనుకోను. నా ఏడుపు నీ పొట్టకు పనికొస్తే తీసుకో. కన్నతల్లిని, ఇయ్యనా? నా బాధ అది కాదు." ఆమె కళ్ళు నిండాయి. "వాడికి పెండ్లి కాకపాయె. పెండ్లాం లేదు, పిల్లలు లేరు. నేనున్నన్నాళ్ళు నేను ఏడుస్తా. నేను పోయినాక వాడి పేరెత్తి ఏడ్చేదానివి నువ్వొక్కదానివే గదే. పది నెలలుగా చూస్తన్నా, ఒక్క చుక్క రాల్చదే నా బిడ్డ అని. పొద్దున నీ గదిలోంచి కోటయ్యా అని వినబడేసరికి నా పాణం లేచొచ్చింది. ఏడుస్తంది, ఇన్నాళ్ళకు నా బిడ్డ తమ్ముడి కోసం ఏడుస్తంది, కావలించుకుందామని ఉరికొచ్చినా. వచ్చి చూస్తే ఫోను."

తల్లి ఆ చేతులు ఎందుకు చాచిందో పావనికి అప్పుడు అర్థమైంది. దొడ్డి మట్టిలోనే తల్లి ముందు కూర్చుండిపోయింది.

"నాకు రాదమ్మా. ఎట్ల ఏడవాలో నాకు తెలియదు. నాకొచ్చినవన్నీ నీ మాటలే."

"నా మాటలు నీకెట్ల సరిపోతాయే? నేను కన్నదాన్ని, కొడకా అంటా. నువ్వు అక్కవు. తల్లి ఏడుపు వేరు, అక్క ఏడుపు వేరు. నీది నువ్వు ఏడ్చుకోకుండా ఒకరి ఏడుపు ఎన్నాళ్ళని ఏడుస్తావు?" ఆదెమ్మ కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "తమ్ముడా అను."

పావని పెదాలు కదిలాయి. మాట రాలేదు. వందమంది ముందు చెప్పమన్నది చెప్పగలిగిన నోరు ఆ మూడక్షరాల దగ్గర బిగుసుకుపోయింది.

"అనవే తల్లీ. వాడు వింటాడు."

"తమ్ముడా..." అంది పావని.

అంతే. పది నెలలుగా ఎక్కడ ఆగి ఉందో ఆ ఏడుపు ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. "తమ్ముడా... పంతొమ్మిది సార్లు ఫోను మోగితే ఎత్తకపోతిని గదరా తమ్ముడా... నువ్వు పోయిన దినం నవ్వుతా నిలబడితిని గదరా... నర్సు వేషంలో అరనిమిషం కనబడితే మా అక్క మా అక్క అని దారిన పోయే బండి ఆపి ఆపి చెప్పుకుంటివి గదరా తమ్ముడా... ఎవరికి చూపియ్యాలిరా ఇంక..." అందులో అందం లేదు. ముక్కు కారింది. మాట మధ్యలో ఎక్కిళ్ళు వచ్చి సగం మాటలు అర్థం కాలేదు. ఆదెమ్మ కూతుర్ని గుండెకు హత్తుకుని, తానేమీ శోకం ఎత్తకుండా, వింటూ కూర్చుంది.

జీవాలను మళ్ళేసుకుని పెద్దయ్య తిరిగి వచ్చాడు. దొడ్డి దగ్గర ఇద్దరినీ చూసి ఏదో అనబోయి ఆగిపోయాడు. ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. లోపలికి పోయి తెచ్చి భార్యకు చూపించాడు. ఆదెమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. మోత ఆగకపోయేసరికి ఆయనే ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"పావని గారా? సినిమా ఆఫీసు నుంచండీ. పన్నెండు దాటింది, మీ వీడియో ఇంకా రాలేదు."

"నేను వాళ్ళ నాయనను సార్," అన్నాడు పెద్దయ్య. "పాప ఇప్పుడు మాట్లాడదు. మా పిల్లోడు చనిపోయినాడు. వాళ్ళక్క ఏడుస్తంది."

"అయ్యయ్యో! ఎప్పుడండీ?"

పెద్దయ్య దొడ్డి వైపు చూశాడు. పది నెలల్లో ఆ ముక్క ఆయన తన నోటితో ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎప్పుడని చెప్పాలో తెలియక, ఫోను అట్లాగే చెవికి పెట్టుకుని, ఆయన కూడా ఏడవడం మొదలుపెట్టాడు.