పిల్‌బీమ్ దొర పెరట్లో కరివేపాకు

క్వేకర్స్ హిల్ స్టేషన్ వెనక సందులో ఒక పాడిల్లు ఉంది. దాని ముందు నుంచి పోయిన కుక్క మళ్లీ మొరగలేదు. ఈ ఊళ్లో తిరిగే తెల్ల కాకాటూ చిలకలన్నీ ఒకప్పుడు ఆ ఇంటి మీదుగా ఎగిరిన నల్ల కాకులే — ఒట్టు!

అందులో ఉండేది పిల్‌బీమ్ దొర. విక్టోరియన్ నవలాకారుడు. గొర్రెలు కాయడానికి ఇంగ్లండు నుంచి ఈ దేశం వచ్చాడు. వాటితో విసిగి, మనుషుల్ని వెక్కిరిస్తూ నవలలు రాశాడు. పెద్ద తేడా కనబడలేదట. మనిషి చచ్చాడు గానీ, నోరు చావలేదంటారు...

ఇది కరోలిన్ చెప్పగా విన్నమాట. తెనాలి పిల్ల, చదువుకునే రోజుల్లో మా పక్కింట్లో అద్దెకుండేది. ఒకరోజు, తెల్లారితే యూనివర్సిటీలో ఆ దొర మీదే ప్రెజెంటేషన్. అది పోతే సబ్జెక్టు పోతుంది, సబ్జెక్టు పోతే వీసా... దొర నవల ఒక్కటీ చదవకుండానే నలభై స్లైడ్లు చేసింది. చదువంటే అదీ!

జూన్ నెల, ఇక్కడ చలికాలం. అయిదున్నరకే తారు పూసినంత చీకటి. పాఠం అప్పజెప్పుకుంటూ ఆ ఇంటి ముందుకొచ్చింది.

"పిల్‌బీమ్ విక్టోరియన్ రచయిత... అంటే మెల్‌బోర్న్ ఆయన..."

పాపం, ఈ దేశంలో విక్టోరియా అంటే మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రమే కదా!

కంచె లోపల ఆకులు కదిలాయి.

"...మెల్‌బోర్నా?"

పిల్ల గుండె చప్పుడు పారమట్టా దాకా వినబడింది.

"విక్టోరియా రాణి కాలంవాడే, పిచ్చిపిల్లా... రాష్ట్రం కాదు!"

ఏదో దబ్బున పడింది.

ప్రాణం పోతున్నా మార్కుల మీద ఆశ పోతుందా? అడిగేసింది.

"మరి... మూడో నవల... దొరగారి అత్తగారి మీదేనా అండీ?"

"కాదు..." చెవి పక్కనే, చల్లగా. "మా బిషప్పు మీద."

రౌస్ హిల్ మెట్రో రైలు సిగ్గుపడేంత వేగంగా ఇంటికొచ్చి పడింది. రెండు తప్పులూ దిద్దుకుంది. క్లాసులో ఫస్టు! బిషప్పు సంగతి ఎక్కడ దొరికిందని ప్రొఫెసర్ తెరిచిన నోరు వారం దాకా మూయలేదట.

ఆదివారం చర్చి అయ్యాక, గుంటూరులో ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరైన రాయప్ప నా చేతిలో కరివేపాకు పెట్టాడు.

"ఆ పాడింటి పెరట్లోదే, అక్కగారూ," అని గుసగుసలాడాడు. "దొంగతనానికి పోయినవాణ్ణి నోరు మూసుకోవద్దూ? మన కరోలిన్ మెల్‌బోర్న్ అనేసరికి... తప్పు వింటే ఆగలేను."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "బిషప్పు సంగతి భలే చెప్పావయ్యా!"

రాయప్ప మొహం పాలిపోయింది.

"ఏ బిషప్పు?... రాష్ట్రం కాదని చెప్పి, వెనక గోడ దూకేశానే!"

దొరకు తెలుగెలా వచ్చిందని అడక్కండి. అందరూ తెలుగువాళ్లే ఉన్న మా సందులో పదేళ్లుంటే గొర్రెలకైనా వస్తుంది.