రూఫు వాళ్ళ నాయన

పెళ్ళిచూపుల్లో అమ్మాయి తల వంచుకుని కూర్చుంటుందనుకుని మదనపల్లెకు వచ్చాడు దిలీప్. ఉషా నేరుగా ప్రశ్న వేసింది.

"బైబిల్లో యోనా మూడు రోజులు చేప కడుపులో ఉండాడని మీరు నమ్ముతారా?"

దిలీప్ పుంగనూరులో రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాస్తాడు. ఆదివారం చర్చికి పోతాడు, పాటలు పాడతాడు, ఇంటికొచ్చి అమ్మ బుజ్జమ్మ వండిన కోడికూర తింటాడు. ఇలాంటి ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అయినా ఎదురుగా ఉన్నది కుప్పం హైస్కూల్లో టీచరు, పైగా ఆ కళ్ళు! బాగా చదువుకున్నవాడిలా కనబడాలని గొంతు సవరించుకున్నాడు.

"అదంతా మెటఫర్ కదండీ. లోపలుండే అర్థం చూసుకోవాల."

"ఓహో! ప్రభువు సమాధిలోంచి లేచింది కూడా మెటఫరేనా?"

"అంటే... మన హృదయాల్లో లేచినట్టు..."

ఉషా మైసూరుపాకు ప్లేటును అతని ముందు నుంచి మెల్లగా వెనక్కి జరిపింది.

"నేను తెలుగు టీచర్నండీ. పిల్లోళ్ళకు అలంకారాలు చెప్పేదే నా పని. తప్పిపోయిన కొడుకుది ప్రభువు చెప్పిన కథ. ఆయన లేచింది మాత్రం కథ కాదు, జరిగింది. మా అమ్మ పోయినపుడు నేను ఏడుపు ఆపుకున్నది ఒక అలంకారాన్ని నమ్ముకుని కాదు."

దిలీప్ మనసు పారేసుకున్నదీ అప్పుడే, సంబంధం చెడిందీ అప్పుడే.

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే ఆమె వచ్చి ఒక్క మాట అంది. "నా కోసమని నమ్మినానని అబద్ధం మాత్రం చెప్పొద్దండి."

బస్సులో బుజ్జమ్మ దారి పొడుగునా సాధించింది. "నమ్ముతానమ్మా అంటే నీ సొమ్మేం పోతుందిరా?"

"తెలీని దానికి సాక్షి సంతకం పెట్టేది నాకు చేతకాదుమ్మా" అన్నాడు దిలీప్.

నెల గడిచింది. ఆ కళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒకరోజు పక్కింటివాళ్ళ పత్రానికి సాక్షిగా ముసలి మల్లప్ప వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"మీ నాయన పేరు చెప్పు తాతా."

"మా నాయన పేరెందుకప్పా? దాసప్ప, చెంగయ్య వాళ్ళ నాయన అని రాయి."

"అట్ల కొడుకుల పేర్లు రాయరు తాతా."

"మా నాయన పోయి నలభై ఏండ్లాయె. ఆయన్ని యాడ అడుగుతారు? నా కొడుకులైతే బస్టాండులో టీ అంగడి పెట్టుకుని ఉండారు. అనుమానమున్నోడు పోయి వాళ్ళనే అడుక్కోనీ!"

దిలీప్ నవ్వి, తండ్రి పేరే రాశాడు.

ఆ వారమే గుడ్ ఫ్రైడే. చర్చిలో పెద్దాయన వాక్యం చదువుతున్నాడు. ప్రభువు సిలువ మోసినవాడు కురేనీయుడైన సీమోను, అలెక్సంద్రుకూ రూఫుకూ తండ్రి. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. దిలీప్ ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కుప్పంలో వాన. బడి గేటు దగ్గర గొడుగు విప్పుతున్న ఉషా, నిలువునా తడిసిన మనిషిని చూసి ఆగిపోయింది.

"మీరా! యాల వచ్చినారు?"

"సాక్షి దొరికినాడండీ!" మల్లప్ప సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. "సీమోను కొడుకుల పేర్లతో ఆ కథకు పనేముంది? చదివేవాళ్ళకు ఆ కొడుకులు తెలుసు కాబట్టే సువార్త రాసినాయన ఆ పేర్లు పెట్టినాడు. అనుమానముంటే పోయి అడుక్కోండి అంటాండాడు. సమాధి ఎవరిదో, ఆ ఆసామిది ఏ ఊరో, అది ఖాళీగా ఉండేది చూసిన ఆడోళ్ళ పేర్లేందో, అన్నీ రాసినాడు. పదేండ్లుగా పత్రాలు రాస్తాండా. ఇది అలంకారం కాదు, సాక్ష్యం. ఆయన నిజంగానే లేచినాడండీ."

ముఖం మీది వాన నీళ్ళు చేత్తో తుడుచుకున్నాడు.

"మా నాయన పోయి ఆరేండ్లు. మళ్ళీ చూస్తానని నిన్ననే నమ్మినా. మీరు నన్ను వద్దన్నా ఈ నమ్మకం మారదు. అది చెప్పిపోదామనే వచ్చినా."

ఉషా గొడుగును అతని మీదికి జరిపింది. ఇద్దరూ చెరో సగం తడుస్తూ బస్టాండు దాకా నడిచారు.

"మరి యోనా?" అంది నవ్వాపుకుంటూ.

"సమాధిలోంచి లేచినాయనే యోనా సంగతి చెప్పినాడు కదా. ఆయన కంటే నాకు ఎక్కువ తెలుసా?"

బస్సు కదలబోతుండగా ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది.

"అలెక్సాండర్ బాగానే ఉండాది. రెండోవాడికి రూఫు అని పెడితే మాత్రం బళ్ళో పిల్లోళ్ళు ఏడిపిస్తారు."

ఎవరి రెండోవాడు? దిలీప్ తల తుడుచుకుంటూ ఆలోచించాడు. వి.కోట దాటాక సీట్లోంచి ఎగిరి లేచాడు.

"ఏమప్పా, స్టాపింగు దాటిపోయిందా?" అన్నాడు కండక్టరు.

"లేదన్నా. పెళ్ళి కుదిరింది!"