వాటిల్ వీధి మార్నీ

“ఒరేయ్, మార్నీ నిద్రపోతోంది చూడండ్రా! పట్టపగలు, అదీ చెట్టెక్కి!”

ఫ్లిన్ కంచె మీదికి వంగి అరిచాడు. ఐదో తరగతి మొత్తం గొల్లుమంది.

మార్నీకి కోపం రాలేదు. ఫ్లిన్ అన్నది తనను కాదు. లోపల కొమ్మల మధ్య ముడుచుకుని పడుకున్న, ఎలుగు పిల్లలాంటి బొచ్చు కొవాలాను. కంచెకు కట్టిన పలక మీద దాని పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ‘వాటిల్ వీధి మార్నీ’.

ఆ కొవాలా ఆసుపత్రి పద్ధతే అంత. జబ్బుపడిన కొవాలా ఎక్కడ దొరికితే ఆ చోటు పేరూ, ముందుగా చూసినవాళ్ళ పేరూ కలిపి దానికి పెడతారు. తరగతిలో ఆ గొప్ప దక్కింది మార్నీ ఒక్కదానికే. ఇవాళ పిల్లలందరినీ కొవాక్ సార్ ఆసుపత్రి చూపించడానికి తీసుకొచ్చారు. పొద్దుటి నుంచీ మార్నీ కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

“నీదే అదృష్టమే బాబూ,” అంది పక్కనే ఉన్న టెగన్. “ఇంటి ఎదురుగానే దొరికిందంటే మాటలా!”

“అదిగో, చెవి కదిపింది చూడు,” అని మార్నీ మాట మార్చేసింది. ఎందుకంటే ఆ పలక మీద ఉన్నదాంట్లో సగమే నిజం.

చలికాలంలో ఒకరోజు డెస్ మావయ్య బండిలో వాగు దారిన వస్తుంటే, దారి పక్కన నేల మీద కూర్చున్న కొవాలాను ముందు చూసింది మార్నీయే. దాని కళ్ళు వాచిపోయి, పుసులు కట్టి ఉన్నాయి. ఎవరినైనా పిలుద్దామంటే అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. మావయ్య దాని మీద తువ్వాలు కప్పి, బట్టల బుట్టలో పెట్టి ఆసుపత్రికి తెచ్చాడు. బుట్టను బల్ల మీద పెట్టి, గేటుకు అడ్డంగా ఆపిన బండి తీయడానికి పరిగెత్తాడు.

“ఎక్కడ దొరికింది బంగారం?” అని అడిగింది ఆసుపత్రి చూసుకునే రోండా ఆంటీ.

“మా వాటిల్ వీధిలో. మా ఇంటి ఎదురు చెట్టు కింద,” అనేసింది మార్నీ.

జబ్బు నయమయ్యాక, దొరికిన చోటే వదులుతారని ఆమె ఎక్కడో వింది. ఇంటి ఎదురుగా వదిలితే రోజూ కిటికీలోంచి చూసుకోవచ్చు. అదీ చెట్టే, ఇదీ చెట్టే. పెద్ద అబద్ధమని కూడా అనిపించలేదు. మావయ్య మర్నాడే లారీ తీసుకుని ఉత్తరానికి వెళ్ళిపోయాడు. ఇక నిజం తెలిసినవాళ్ళే లేరు.

ఇంతలో రోండా ఆంటీ జామాయిల్ ఆకుల కట్ట మోసుకుంటూ వచ్చింది. దగ్గు మందు సీసా మూత తీసినట్టు గుప్పున వాసన కొట్టింది.

“మీకో మంచి కబురు. మార్నీ కళ్ళు బాగైపోయాయి. రేపు పొద్దున్నే తన ఇంటికి, వాటిల్ వీధికి పంపించేస్తున్నాం.”

“మార్నీ, నిన్ను డిశ్చార్జ్ చేస్తున్నారట!” అన్నాడు ఫ్లిన్. అందరూ చప్పట్లు కొట్టారు.

“అంత దూరం ఎందుకు ఆంటీ? ఇక్కడే ఏదో ఒక చెట్టెక్కిస్తే పోలా?” అని అడిగింది టెగన్.

“అమ్మో, కుదరదు తల్లీ. ఏ చెట్టు ఆకు తినాలో, ఏ కొమ్మ మీద పడుకోవాలో దానికో లెక్కుంటుంది. ఇదివరకు ఒకదాన్ని తెలియక వేరే చోట వదిలాం. పాపం, తన చెట్లను వెతుక్కుంటూ రోడ్డెక్కింది.”

“తరవాత?”

“కారు గుద్దేసింది,” అంది రోండా ఆంటీ.

మార్నీ కంచె పట్టుకుని పలక వంక చూసింది. వాటిల్ వీధిలో గంటగంటకూ బస్సులు తిరుగుతాయి. పక్కింటివాళ్ళ రెండు కుక్కలూ పిల్లి కనిపిస్తే చాలు, గోడ దూకుతాయి.

మధ్యాహ్నం అందరూ గడ్డి మీద కూర్చుని డబ్బాలు విప్పారు. మార్నీ శాండ్‌విచ్ ముట్టుకోలేదు. చెబితే అందరి ముందూ పరువు పోతుంది. చెప్పకపోతే రేపే దాన్ని తెచ్చి ఆ వీధిలో వదిలేస్తారు. ఆమె డబ్బా మూసేసి, తొట్లు కడుగుతున్న రోండా ఆంటీ దగ్గరికి వెళ్ళింది.

“ఆంటీ, అది మా వీధిలో దొరకలేదు. పాత వంతెన అవతల, వాగు దారిలో దొరికింది.”

రోండా ఆంటీ పంపు కట్టేసింది. “మరి అలా ఎందుకు చెప్పావు?”

“రోజూ చూసుకోవచ్చని.” మార్నీకి ఏడుపొచ్చేసింది.

“నాకు కోపం రాలేదంటే అబద్ధమే అవుతుంది,” అంది రోండా ఆంటీ. “కానీ ఇవాళ చెప్పావు. అదే రేపు సాయంత్రం చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని, చెప్పు?”

ఆమె తడిగుడ్డతో పలక మీది ‘వాటిల్ వీధి’ని తుడిచేసింది. పిల్లలంతా అటే చూస్తున్నారు.

“అయితే ఇది అబద్ధాల మార్నీ అన్నమాట!” అన్నాడు ఫ్లిన్.

“అవును,” అంది మార్నీ ముక్కు తుడుచుకుంటూ.

“రేపు నువ్వూ రావాలి,” అంది రోండా ఆంటీ. “చోటు తెలిసింది నీకొక్కదానికే.”

మర్నాడు పొద్దున్నే మార్నీ, వాళ్ళ అమ్మ, రోండా ఆంటీ కొవాలా బుట్టతో వాగు దగ్గర కారు దిగారు. వంతెన దాటగానే బెంచీ పక్కన గుబురుగా పెద్ద చెట్టు ఉంది.

“ఈ చెట్టు దగ్గరేగా? ఇక్కడైతే ఆదివారం ఆదివారం వచ్చి చూసుకోవచ్చు కూడా,” అంది అమ్మ.

మార్నీ ఆ చెట్టు వంకా, బెంచీ వంకా చూసింది. మంచి చెట్టే.

“ఇది కాదమ్మా. ఇంకా లోపలికి.”

వానకు బురదైన ఆ బండి దారిలో నడిచేసరికి ముగ్గురి సాక్సులూ తడిసిపోయాయి. దారికి అడ్డంగా పడిపోయిన మొద్దు దాటాక, తెల్ల బెరడు చెట్ల దగ్గర మార్నీ ఆగింది. “ఇక్కడే కూర్చుని ఉంది.”

ఎదురుగా ఉన్న చెట్టు బెరడు మీద పాత గోళ్ళ గీతలు నిండా ఉన్నాయి. రోండా ఆంటీ ఆ గీతలు తడిమి చూసి, బుట్ట మూత తీసింది. కొవాలా ఒక్క క్షణం వాసన చూసింది. గబగబా చెట్టెక్కి ఆకుల్లోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

అమ్మ తలెత్తి కళ్ళు చికిలించింది. “నీకేమైనా కనిపిస్తోందా?”

“లేదు,” అంది మార్నీ. అంటూనే హాయిగా నవ్వేసింది.