వణుకు ఆగిన చెయ్యి

ఆ పొద్దున వంటగదిలో చెల్లెలు కప్పుల్లోకి టీ వంచుతుంటే అక్క చూసి మురిసిపోయింది. ఒక్క చుక్క కింద పడలేదు. కాలేయం మార్పిడి జరిగినప్పటినుంచి చెల్లెలి చేతులు వణుకుతూనే ఉన్నాయి. దుకాణాలకు బోర్డులు రాసి బతికే మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది? కొత్త కాలేయాన్ని ఒంట్లో నిలిపే మాత్రల వల్లే ఆ వణుకని డాక్టరు అప్పుడే చెప్పాడు.

ఆ మాట గుర్తొచ్చి అక్క గుండె జారిపోయింది. మాత్రలు వేసుకుంటుంటే వణుకెందుకు ఆగినట్టు?

చెల్లెల్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి వెలుగులో కళ్ళు చూసింది. తెల్లగుడ్డు పసుపు తిరుగుతోంది. మాత్రల సంగతి అడిగితే చెల్లెలు ముందు వేసుకుంటున్నానంది. గట్టిగా అడిగితే సగమే అంది. ఆపైన, అదీ మానేశానని తలొంచుకుంది.

"నా ఒళ్ళు కోయించుకుని కాలేయం పంచి ఇచ్చింది ఇలా పాడుచేసుకోడానికా?"

అనేశాక అక్క నాలుక్కరుచుకుంది. చెల్లెలు మాత్రం తలెత్తింది.

"అందుకే చెప్పలేదక్కా. కాలేయం ఎలా ఉందనే అడుగుతావు, నేనెలా ఉన్నానని అడగవు. ఆ మాత్రలు వేసుకుని నిచ్చెనెక్కి అక్షరం పెడితే వంకర్లు పోతోంది. కుంచె పట్టలేకపోతే ఇంక నేనెవర్ని?"

అక్క తను లెక్కలు చెప్పే బడికి ఫోన్ చేసి రానని చెప్పి, చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

రక్తపరీక్ష చూసి డాక్టరు మొహం ముడుచుకున్నాడు. ఒంటికి కాపలా కాసే కణాలు కాలేయంలో బోలెడుంటాయనీ, పేగుల్లోంచి వచ్చే సూక్ష్మజీవుల్ని పట్టి మింగేస్తూనే తిన్న తిండి జోలికి మాత్రం పోవనీ చెప్పాడు. అంత ఓర్పున్న అవయవమైనా, అది పరాయిదని పసిగడితే రక్తంలోని కణాలు దానిమీద పడతాయట. మాత్రల పని వాటిని జోకొట్టడమే.

"తోడబుట్టినదాన్ని, నేను పరాయినెలా అవుతాను?" అంది అక్క.

"మీ చెల్లెలికి కారు. ఆ కణాలకు చుట్టరికాలు తెలియవు కదమ్మా."

సూదితో కాలేయంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. బయట బల్లమీద కూర్చున్న అక్క, తలుపు చప్పుడైతే చాలు, లేచి నిలబడుతోంది. ఇంతకాలం ఒకే కప్పు కింద ఉండి, ఆ పిల్ల పడుతున్న బాధని ఒక్కసారైనా చూశానా అనుకుంది.

దాడి మొదలైందని తేలింది, కానీ చెయ్యి దాటలేదు. నరంలోకి ఘాటైన మందు ఎక్కించారు. కొన్నాళ్ళకు పరీక్షల్లో అంకెలు దిగడం మొదలుపెట్టాయి. నెమ్మదిగా కరిగే రకం మాత్ర ఇస్తాననీ, దానితో వణుకు తగ్గొచ్చనీ, పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేననీ డాక్టరు చెప్పి వెళ్ళాడు.

అక్క మంచం అంచున కూర్చుని చెల్లెలి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. "వణికితే వణకనీ. అక్షరాలు నువ్వు చెప్పు, రంగు నేను నింపుతాను."

"నీకు గీతే తిన్నగా రాదు," అంది చెల్లెలు.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే చెల్లెలు అక్క భుజంలో మొహం దాచుకుంది.

"చచ్చేంత భయమేసిందక్కా."

ఆపరేషన్ గదిలోకి వెళ్ళేటప్పుడు కూడా ఆ మాట అనలేదు ఆ పిల్ల. అక్క ఏడుస్తూ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.