రీజనరేట్ నొక్కే ముందు

లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషిన్‌లో కట్టర్ ఫట్‌మని విరిగింది. ఆ శబ్దం వెనకాలే ప్రోగ్రామర్ డిజైన్ గదిలోకి దూసుకొచ్చాడు.

"నా ఫైల్ ఎవరు ముట్టుకున్నారు?"

డిజైనర్ కుర్చీలోంచి లేవలేదు. "నీ ఫైలా? ఆ పార్టు గీసింది నేను."

"కట్టర్ నడిచే దారి వేసింది నేను!"

ఇద్దరిదీ ఒకటే ఫైలు. సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ మోడ్ ఆమె రాజ్యం, మెషినింగ్ మోడ్ అతని రాజ్యం. రెండింటి మధ్యా ఉన్నది ఒక్క క్లిక్కే. మనుషుల మధ్య మాత్రం వారం రోజులుగా మాటల్లేవు.

"గాడి లోతు పెంచమన్నాడు కస్టమర్. పెంచాను."

"చెబితే ముత్యాలు రాలిపోతాయా?"

"పాత దారి పనికిరాదని పసుపు గుర్తు పడిందిగా! కళ్లు నెత్తికెక్కాయా?"

"చూశాను. రీజనరేట్ నొక్కాను. కొత్త దారి వచ్చింది."

"సిమ్యులేషన్ చూశావా?"

అతను చూడలేదు. పొట్టి కట్టర్ లోతైన గాడిలోకి దిగింది. దాన్ని పట్టుకున్న హోల్డర్ గోడకి గుద్దుకుంది. ముందుగా స్క్రీన్ మీద నడిపించి చూస్తే అక్కడే ఎర్రగా కనబడేది.

తప్పు చెరి సగం. అది ఇద్దరికీ తెలుసు. అందుకే గొంతులు ఇంకా లేచాయి.

"సోమవారం నుంచి నాది నైట్ షిఫ్ట్. నీకు పీడ విరగడవుతుందిలే!"

ఆమెకి ఒళ్లు మండింది. షిఫ్ట్ మార్చమని అతనే అడిగాడని స్టోర్స్‌లో విన్న రోజే ఆమె మాటలు మానేసింది. ఏడాదిగా పక్క కుర్చీలో కూర్చుని ఆమె టీలో సగం తాగేసిన మనిషి, చెప్పకుండా పారిపోతున్నాడు. ఇక అతను వచ్చే వేళకి ఆమె వెళ్లిపోతుంది. అంతే.

"నా పక్కన పనిచేయడం అంత నరకమా?"

"నరకమే! నువ్వు పక్కనుంటే కట్టర్ ఎటు తిరుగుతోందో కనపడదు. నీ జడ ఎటు తిరుగుతోందో కనిపిస్తుంది! ఏదో రోజు మెషిన్ విరగ్గొడతానని భయమేసి అడిగాను!"

"మరి విరగ్గొట్టకుండా ఆగావా?"

అతనన్నది తిట్టో ప్రేమో తేల్చుకోవడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. తేలాక కోపం రెట్టింపయింది.

"ఈ ముక్క నా మొహాన చెప్పలేక మీ పిన్ని దగ్గరికి పరిగెత్తావా?"

"నాకూ చెప్పలేదమ్మా," అంది గుమ్మంలోంచి అతని పిన్ని. వర్క్‌షాప్ ఆవిడదే. చేతిలో విరిగిన కట్టర్ ఉంది. "చదువుకోవడానికి పగలు ఖాళీ కావాలన్నాడు వెధవ."

"పిన్నీ..."

"ఇక్కడ మేడమ్! సాయంత్రానికి పార్టు వెళ్లాలి. చెక్కడానికి ఇంకా ఉన్నది ఒక్క దిమ్మే. ముందు అది చూడండి, పెళ్లి మాటలు తర్వాత."

"పెళ్లేంటి!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. ఆవిడ అప్పటికే వెళ్లిపోయింది.

ఆమె విసురుగా డిజైన్ మోడ్‌కి మారింది. "గాడి మూలలు ఎంత గుండ్రం చేస్తే నీ లావుపాటి పొడుగు కట్టర్ పడుతుంది? చెప్పి చావు."

అతను చెప్పాడు. ఆమె దిద్దింది. మెషినింగ్ మోడ్‌కి తనే మార్చి, మౌస్ అతని వైపు తోసింది. ఈసారి ఇద్దరూ తలలు ఆనించి సిమ్యులేషన్ చివరిదాకా చూశారు. ఎరుపు ఎక్కడా లేదు.

"మరి షిఫ్ట్ సంగతి?" మెల్లగా అడిగాడతను.

"రద్దు చేయించు. నా కోపం తీరేదాకా నువ్వు ఈ కుర్చీలోనే కూర్చోవాలి."

"ఎప్పటికి తీరుతుంది?"

"తీరే రకం కాదు," అందామె కసురుతూనే.