పోయి రా బిడ్డా

దోర్నపాల్‌లో బస్సు దిగి కోంట వైపు నాలుగు అడుగులేస్తే మా దుకాణం. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. రీఛార్జి చేస్తం, ఫోన్లు అమ్ముతం, పగిలిన అద్దాలు మారుస్తం. బోర్డు మీద మా ఆయన ఉమేష్ పేరు ఉంటది గాని కౌంటర్ కాడ కూర్చునేది నేనే. ఆయన మోటార్ సైకిల్ మీద ఛార్జర్లు, కవర్లు వేసుకుని సంతలు తిరుగుతడు. నా పేరు సుశీల, పుట్టింది చర్లలో. నాకు నోరెక్కువని అందరూ అంటరు. నిజమే. ఆ నోటితోనే ఒక మాట అన్న. ఆ మాట సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ముందు నా తప్పు చెప్పాలె. మా కాడ ఫోన్ కొనే అడివి ఊర్ల వాళ్లకు మెయిల్ ఐడీ ఉండదు. ఫోన్ ఆన్ చేయంగనే అదేమో మొట్టమొదలు ఐడీ అడుగుతది. ఒక్కొక్కళ్లకు ఒక్కోటి చేసి, పాస్‌వర్డు చెప్పి, వాళ్లు మర్చిపోయి మళ్లీ వస్తే మళ్లీ చేసి... అంత ఓపిక నాకు ఏడిది? నా ఐడీనే అన్నిట్ల వేసేదాన్ని. ఫోన్ పోతే వెతికే లొకేషన్ ఏర్పాటు కూడా దాని మీదనే ఆన్ చేసి, ఏ ఫోన్ ఎవరిదో పేరు రాసి పెట్టుకునేదాన్ని. నా ఫోన్ తెరిస్తే పటం మీద ముప్పై ఎనిమిది చుక్కలు. ఎవరి ఫోనన్న పోతే నా కాడికి ఉరికొస్తరు, నేను చూసి ఫలానా చోట ఉంది పొమ్మంట.

ఫోన్ ఇంకోటి కూడా అడుగుతది, మీ ఇల్లు ఎక్కడ అని. ఐడీ నాదైనప్పుడు ఇల్లు కూడా నాదే పెట్టాలె కదా. పెట్టిన. అంటే ఆ ముప్పై ఎనిమిది ఫోన్లకూ ఇల్లంటే మా వెనక గదే. అప్పుడు దాంట్ల నాకు ఏ తప్పూ కనిపించలే.

ఆయతి ఫోన్ కూడా అట్లనే పెట్టిన. భేజ్జి అవతల, వాగు దాటినాక వాళ్ల ఊరు. పంతొమ్మిదేళ్ల పిల్ల, సుక్మాలో హాస్టల్‌ల ఉండి చదువుకునేది. వచ్చినప్పుడూ పోయినప్పుడూ ఈడ బస్సు మారేది. బస్సు వచ్చేదాక మా దుకాణంలనే. అక్కా అనుకుంట కౌంటర్ లోపలికే వచ్చి నా అన్నం గిన్నె మూత తీసి చూసేది. "ఏంది అక్కా, ఇయ్యాల కూడా పప్పేనా" అని ఎక్కిరించేది. నీకోసం కోడి కొయ్యనా అని నేను కసిరేదాన్ని. కసిరించుకుంటనే సగం అన్నం తినిపోయేది. నాకు ఆ పిల్లంటే ప్రాణం. ఆ సంగతి ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలే.

జులైల వాగు పొంగింది. ఆయతి ఊరికి పోతూ దాటుతుంటే నీళ్లు లాగేసినయ్. మూడో రోజు కింద ఎక్కడో చెట్టు కొమ్మలకు చిక్కుకుని దొరికింది. ఫోన్ మాత్రం దొరకలే. కబురు తెలిసిన రోజు నేను షట్టర్ దించి వెనక గదిల కూర్చుని ఏడ్చిన.

నెల దాటినాక ఒక మధ్యాహ్నం వాళ్ల నాయన పొజ్జా, అమ్మ హిడ్మే వచ్చిన్రు. ముసురు పట్టి ఉంది. ఇద్దరి బట్టలూ తడిసి ముద్దయినయ్. పొజ్జాకు మా తెలుగు బాగనే వస్తది, హిడ్మేకు నాలుగు ముక్కలు. కూర్చోబెట్టి టీ ఇస్తే, హిడ్మే గ్లాసు చేతిల పట్టుకుని తాగకుండ అట్లనే ఉంది.

పొజ్జా మెల్లగ చెప్పుకొచ్చిండు. వాళ్లింటి పద్ధతి ఒకటుందంట. మనిషి పోయినాక నీళ్ల కాడికి పోయి పేరు పెట్టి పిలుస్తరు. పిలిచి, నీళ్లల్ల చేతికి చిక్కిన చిన్న చేపనో పురుగునో కుండల వేసుకుని ఇంటికి తెస్తరు. అదే ఆ మనిషి జీవం. ఇంట్లో పోయిన పెద్దల పేరు మీద ఉండే కుండ కాడ పెట్టి, నీళ్లల్ల రెండు బియ్యపు గింజలు వేస్తరు. గింజలు తేలుకుంట ఒకదానికొకటి వచ్చి ఆనుకుంటే మనిషి ఇల్లు చేరినట్టు. ఆనుకోకపోతే ఇంకా బయటనే తిరుగుతున్నట్టు. ఆయతి కోసం మూడుసార్లు పోయి పిలిచిన్రు. మూడుసార్లూ గింజలు దేనికది దూరం జరిగినయ్. ఆమెది ఏదో వస్తువు బయట ఉండిపోయింది, అదే ఆమెను పట్టుకుంది అన్నడంట పూజారి.

"ఫోను ఒక్కటే దొరకలేదక్కా" అన్నడు పొజ్జా. "నువ్వు చూసి చెప్పు. పిల్లను ఇంటికి తెచ్చుకుంటం."

నీళ్లల్ల పడి నెల దాటిన ఫోన్ ఏం పలుకుతది? ఆ మాట వాళ్ల మొహం చూసి అనలేకపోయిన. వాళ్ల తృప్తికి పటం తెరిచి, ఆయతి పేరు మీద వేలు పెట్టిన. చివరిసారి కనిపించింది జులైల అని వస్తదనుకున్న.

ఇప్పుడే కనిపించింది అని వచ్చింది.

చుక్క వాగు మీద ఉంది. కదలకుండ ఉంది. ఎవరికో దొరికి, ఆరబెట్టి, ఛార్జి పెట్టి ఉంటరని నాకు నేనే సర్ది చెప్పుకున్న. పొజ్జా లేచి నిలబడ్డడు. హిడ్మే నా ఫోన్ అద్దం మీద ఆ చుక్కను వేలితో నిమిరింది.

ఉమేష్ ఇంట్లనే ఉండె. ఇద్దర్నీ బండి మీద ఎక్కించుకుని బయల్దేరిండు. వాగు కాడ ఉమేష్ ఫోన్‌కు సిగ్నల్ అందదు, కాబట్టి సరిగ్గ నాలుగింటికి నేను ఈడనుంచి మోగించాలె, వాళ్లు ఆడ చెవులు రిక్కించి వెతకాలె అని మాట్లాడుకున్నం. హిడ్మే వెంట కుండ తీసుకుపోయింది.

నాలుగింటికి 'మోగించు' అన్న దాని మీద నొక్కిన. చుక్క వాగు మీదనే. పది నిమిషాలు ఆగి మళ్లీ నొక్కిన. చుక్క భేజ్జి కాడికి వచ్చింది. హమ్మయ్య, దొరికింది, తీసుకొస్తున్నరు అనుకున్న. అంత సంతోషమైంది నాకు. ఇంకోసారి నొక్కితే ఎర్రబోరు కాడ ఉంది. వానల ఈ మనిషి ఇట్ల తోలుతుండేంది, ముగ్గుర్ని పెట్టుకుని అని మా ఆయన మీద కోపమొచ్చింది. ఆ కోపంలనే ఇంకోసారి నొక్కిన. ఇంకా దగ్గరికి వచ్చింది.

అప్పుడు ఉమేష్ ఫోన్ చేసిండు. భేజ్జి కాడికి వస్తే సిగ్నల్ దొరికిందంట. ఏమీ మోగలేదు, ఏమీ దొరకలేదు అన్నడు. పొజ్జా, హిడ్మే ఇంకా వాగు కాడనే ఉన్నరంట, హిడ్మే నడుము లోతు నీళ్లల్ల నిలబడి పిలుస్తనే ఉందంట. మళ్లీ పోతున్న అని పెట్టేసిండు.

నేను పటం వైపు చూసిన. నేను నొక్కకపోతే చుక్క కదలదు. నొక్కిన ప్రతిసారీ ఇటు వస్తుంది. వాళ్లమ్మ పిలుపుకు రాలేదు... నా పిలుపుకు వస్తుంది. ఎందుకంటే ఆ ఫోన్‌ల ఇల్లు అని రాసింది నా ఇల్లు.

ఫోన్ బోర్లించి కౌంటర్ మీద పెట్టిన. ఇంక ముట్టలే. ఆరు కావస్తుంది. మబ్బుకు అప్పటికే చీకటైంది. కరెంటు పోయింది. ఎదురుగ చాయ్ హోటల్ వాడు కూడా మూసేసి పోయిండు. షట్టర్ దించి కొవ్వొత్తి వెలిగించిన. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

మొదట వాసన వచ్చింది. కొత్తనీళ్ల ఒండ్రు వాసన, కుళ్లిన ఆకుల వాసన. షట్టర్ కింద సందులనుంచి వచ్చింది. తర్వాత ఎక్కడో దూరంగ ఫోన్ మోగింది. నేను నొక్కలే. అది దగ్గరైంది... బస్టాండు కాడ... రోడ్డు మీద... మా మెట్ల కాడ. ఆగింది.

షట్టర్‌ను ఎవరో అరచేత్తో తట్టిన్రు. రెండుసార్లు. మెల్లగ.

"అక్కా..."

గొంతు ఆ పిల్లదే. నీళ్లు మింగినట్టు ఉంది, అంతే తేడా.

"పిలిచినవు కదా అక్కా. వచ్చిన. ఇల్లు ఇదేనంట... తలుపు తీ."

బయట పిల్ల పండ్లు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"సలి పెడుతుంది అక్కా."

భయం ఉంది. లేదని చెప్పను. కాని ఆ మాటకు భయం కంటే దుఃఖమే ఎక్కువొచ్చింది నాకు. అవతల వాళ్లమ్మ నడుము లోతు నీళ్లల్ల నిలబడి గొంతు పోయేటట్టు పిలుస్తుంది. ఈ పిల్ల నా గుమ్మం కాడ వణుకుతుంది. షట్టర్‌కు చెంప ఆనించి చెప్పిన.

"ఇది కాదు బిడ్డా మీ ఇల్లు. మీ అమ్మ వాగు కాడ పిలుస్తుంది. ఆమె కాడికి..."

పో అనాలె. పో అంటే సరిపోయేది. కాని గుమ్మంల నిలబడ్డ మనిషిని ఉత్త పో అని ఎట్ల పంపుత? మా అమ్మ చిన్నప్పటినుంచి మాకు నేర్పింది అది కాదు. ఊరికి పోయేటోళ్లనూ, బడికి పోయే పిల్లలనూ ఎవర్నీ అట్ల పంపలే. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"పోయి రా బిడ్డా."

"సరే అక్కా. పోయొస్త."

వాసన పోయింది.

ఉమేష్ మర్నాడు పొద్దున వచ్చిండు. చీకటి పడినాక హిడ్మే చేతికి ఒక చిన్న చేప తనంతట తనే వచ్చి తగిలిందంట. కుండల వేసుకుని ఇంటికి పోయి గింజలు వేస్తే, రెండూ సక్కగ వచ్చి ఆనుకున్నయంట. ఊరంతా ఏడ్చిన్రంట. నేను కూడా ఏడ్చిన, సంతోషానికే. పిల్ల ఇల్లు చేరింది, అంతే చాలు అనుకున్న.

ఆ సాయంత్రం ఆరింటికి షట్టర్ కాడ మళ్లీ ఒండ్రు వాసన.

"పోయొచ్చిన అక్కా."

ఉమేష్ పక్కనే కూర్చుని అన్నం తింటున్నడు. ఆయనకు ఏమీ వినిపించలే. నేను చేతిల ముద్ద చేతిలనే పెట్టుకుని కూర్చున్న.

ఆ ఫోన్‌కు ఉన్న నా ఐడీ తీసేసిన. ఇల్లు అన్న చోట చెరిపేసిన. పటం మీద ఆయతి చుక్క పోయింది గాని ఆయతి రాక ఆగలే. రోజూ ఆరింటికి వచ్చుడు, తెల్లారంగ పోవుడు. తలుపు తీయమని అడుగుతది, నేను తీయను. చదువుకునే రోజుల్ల బస్సు కోసం కూర్చున్నట్టే మెట్ల మీద కూర్చుంటది. ఇంక రాకు అని ఎన్నిసార్లు అనబోయిన్నో, నోరు రాలే. అంత నోరున్నదాన్ని.

పది రోజులకు పొజ్జా ఫోన్ చేసిండు. గింజలు పొద్దున ఆనుకుని ఉంటున్నయంట, సాయంత్రానికి విడిపోతున్నయంట. ఇట్ల ఎప్పుడూ చూడలేదని పూజారి కూడా అంటున్నడంట. మూడో రోజు హిడ్మే ఒక్కతే బస్సు దిగి వచ్చింది. ఆమె కాళ్లు పట్టుకుని ఉన్నదంతా చెప్పిన. తిడతదనుకున్న, కొడతదనుకున్న. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "ఈడ కూసుంట" అన్నది. అంతే.

ఆరింటికి షట్టర్ దించిన. వాసన వచ్చింది. హిడ్మేకు తెలియలే. ఆమె మెల్లగ వాళ్ల మాటల్ల పిలుచుకుంట, ఏడ్చుకుంట కూర్చుంది.

బయటనుంచి గుసగుసగ అడిగింది ఆ పిల్ల.

"అక్కా... లోపల ఏడుస్తుంది ఎవరు?"

హిడ్మే నా మొహం చూసి లేచి నిలబడ్డది. "వచ్చిందా? ఏమంటుంది?" అని నా చెయ్యి పట్టుకుంది.

ఏం చెప్పాలె? కన్నతల్లిని గుర్తుపట్టలేదని ఎట్ల చెప్పాలె? చెప్పలేకపోయిన.

"అమ్మా అంటుంది" అన్న.

హిడ్మే మొహం వెలిగింది. నెలన్నర తర్వాత ఆమె నవ్వుడు చూసిన. తర్వాత షట్టర్‌కు అవతల, సరిగ్గ నా మొహం ఉన్నంత ఎత్తుల, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు ఒక్కొక్క అక్షరం పలికింది.

"అ... మ్మా."

పద్నాలుగేళ్ల కాపురంల నన్ను ఆ మాటతో పిలిచినోళ్లు లేరు.

"తలుపు తీయమ్మా."

హిడ్మే పొద్దుటి బస్సుకు నవ్వుకుంట పోయింది. ఆ మధ్యాహ్నమే పొజ్జా ఫోన్ చేసిండు. పొద్దున కూడా గింజలు ఆనుకోలేదంట. కుండల చేప కూడా లేదంట, నీళ్లు మాత్రం ఒండ్రు ఒండ్రుగ ఉన్నయంట.

ఇప్పుడు ఆ పిల్ల తెల్లారినా పోతలేదు. నేను ఇంకా తలుపు తీయలే. కాని వాన పడ్డప్పుడు మాత్రం ఆమెను బయట ఉంచ మనసు ఒప్పుతలేదు.